కంఠాయాసమును కాకువును: తెఱకెక్కిన పద్యనాటకముల గానవిచారము

నాటకము దృశ్యకావ్యమని పెద్దలు చెప్పుదురు. అయినను తెలుఁగుదేశమున పద్యనాటకమును చూచుటకంటె వినుటకే జనులు ఎక్కువగా పోయిరి. పాత్రధారి వేషమెట్లున్నను పద్యము బాగుగా పాడినచో సభ తృప్తినొందెను. అట్టి నాటకములు చలనచిత్రములైనప్పుడు ఒక క్రొత్త ప్రశ్న పుట్టినది. తెఱమీఁద వినఁబడు పద్యము ఎవరి కంఠమునుండి, ఏ కాలమునందు, ఎట్టి ప్రయాసముతో వెలువడినది? రంగస్థలమున సర్వశక్తిని ధారపోసి పాడిన పద్యము సాధువా, స్టూడియోలో నెమ్మదిగా పాడి ముద్రించి పిదప నటుని పెదవులకు అతికించిన పద్యము సాధువా? ఈ విషయమును శిక్షాశాస్త్రము, నాట్యశాస్త్రము చూపిన త్రోవను విచారింపఁదలఁచితిని. బడులలో పద్యపఠనము నేర్పు పండితులకు ఇది వినోదవిషయము మాత్రమే కాదు. నేఁటి బాలురు పద్యము పాడు తీరును చాలవఱకు తెఱమీఁది కంఠమునుండియే నేర్చుకొనుచున్నారు.

మొదట రంగస్థలాయాసము ఎట్టిదో చూడవలెను. వైనతేయ తీరమునందలి మా అప్పనపల్లి మొదలుకొని అంతర్వేది దాఁక కోనసీమలో తిరునాళ్లకును కల్యాణోత్సవములకును పద్యనాటకములాడించుట పరిపాటి. అవి ఆరుబయట జరుగును. కంఠధ్వనిని మరల్చి ఇచ్చు గోడలు లేవు. కొబ్బరితోఁటల గాలియు ఏటిగాలియు పాటను ప్రక్కకు లాగికొనిపోవును. మైకు లేని కాలమున కడపటి వరుసవానికి అక్షరము చేరవలెనన్న నటునకు హెచ్చుశ్రుతి తప్ప వేఱుగతి లేకపోయెను. హార్మోనియముపై ఒకటిశ్రుతి షడ్జమునకు సెకనునకు సుమారు 131 కంపనములు; ఐదుశ్రుతి షడ్జమునకు 196; దాని తారషడ్జమునకు 392. అనఁగా ఐదుశ్రుతిలో తారషడ్జమున ఒక నిమిషము నిలిచి ఆలాపన చేసినవాని గొంతులోని రెండు స్వరతంత్రులు ఆ నిమిషములో 23,520 మార్లు ఒకదానితో నొకటి ఒఱసికొనును. ఇట్టి పద్యములు రాత్రి పొడవునను పదులకొలఁది; వానిపై సభవారి వన్సుమోరులు. వాఁచిన తంత్రులపై మరల మరల ఒత్తిడి పడినచో అందు కాయలు గట్టి కంఠము బొంగురువోవునని వైద్యులు చెప్పుదురు. మన నటులు ఆర్జించిన కీర్తికి వెల యిచ్చినది వారి గొంతు.

చలనచిత్రమున గానము నాలుగువిధముల జరిగినది. నటుఁడు నటించుచునే పాడఁగా యంత్రము గ్రహించుట మొదటిది, దీనిని సద్యోగానమందము. నటుఁడు తన కంఠముతోనే ముందు పాడి ముద్రింపించి, చిత్రము తీయునప్పుడు దానిని లౌడుస్పీకరులో వినుచు పెదవులు కదపుట రెండవది, ఇది స్వకంఠపూర్వగానము. అన్యుఁడు పాడిన పాటకు నటుఁడు పెదవి కదపుట మూఁడవది, ఇది పరకంఠగానము. చిత్రము తీసిన పిదప తెఱను చూచుచు గానమును మరల ముద్రించుట నాలుగవది, ఇది అనుగానము. 1932లో వెలువడిన తొలి తెలుఁగు టాకీ భక్తప్రహ్లాద సురభివారి నాటకప్రదర్శనము నాశ్రయించినది. హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన ఆ చిత్రమున లీలావతి వేషము వేసిన సురభి కమలాబాయిగారు తామే పాడిరి. ఆ తొలిదినములలో వాద్యకారులు యంత్రదృష్టికి అందనిచోట కూర్చుండి వాయింపఁగా నటులు పాడుచు నటించెడివారు. 1935లో కలకత్తా న్యూ థియేటర్సువారు వంగభాషలో భాగ్యచక్రమును, హిందీలో ధూప్ ఛావ్‌ను తీసినప్పుడు పూర్వగానపద్ధతి మనదేశమున నెలకొన్నది. తరువాతి దశాబ్దమున అది తెలుఁగునకును వచ్చి, పరకంఠగానమే ముఖ్యమార్గమైనది.

ఇఁక పూర్వపక్షములు. మొదటి పక్షమువారిట్లందురు: పాడువాఁడును ఆడువాఁడును ఒక్కఁడే కావలెను, ఆయాసమే సత్యమునకు గుఱుతు, గొంతు పగిలినచో పగులనిండు, ఆ పగులులోనే శోకమున్నది. పాశ్చాత్యులలోను ఈ పక్షము బలమైనదే. విక్టర్ హ్యూగో నవలనుండి పుట్టి 1980లో పారిసునందును, 1985లో లండనునందును రంగమెక్కిన లే మిజెరబ్ల్ గేయనాటకమును 2012లో టామ్ హూపర్ అను దర్శకుఁడు చిత్రముగా తీసెను. అందు నటులు చెవిలో నమర్చిన చిన్న యంత్రమున పియానోను వినుచు, కెమెరా యెదుటనే పాడిరి. వాద్యబృందమును పిదప చేర్చిరి. ఆన్ హాథవే పాడిన శోకగీతమును ముఖమునకు మిక్కిలి సమీపమునుండి ఎడతెగక చిత్రించిరి. ఊపిరి తడఁబాటు, కన్నీటివలని గొంతు బిగింపు అందు స్పష్టముగా వినవచ్చును. ఆమెకు ఆస్కారు బహుమానము వచ్చినది. అదే చిత్రమున, అదే పద్ధతిని పాడిన రస్సెల్ క్రో కంఠమును పలువురు విమర్శకులు ఆక్షేపించిరి.

రెండవ పక్షమువారిట్లందురు: ఆయాసము దోషమే. సంగీతరత్నాకరమున శార్ఙ్గదేవుఁడు గాయకదోషములను ఇరువదియైదింటిని లెక్కించెను. అందు కఱకుగా అఱచువాఁడు ఉద్ఘుష్టుఁడు. కాకివలె రూక్షముగా పాడువాఁడు కాకి. ఒంటెవలె మెడనెత్తి పాడువాఁడు కరభుఁడు. ముఖమునను మెడయందును నరములుబ్బునట్లు పాడువాఁడు ఝోంబకుఁడు. నాటకశాలలో తారస్థాయికెక్కిన నటుని చూచినవారికి ఈ నలుగురును పరిచితులే. కావున గాయకుఁడు స్టూడియోలో సుఖముగా పాడుట, నటుఁడు సుఖముగా నటించుట ఉభయులకును మేలందురు. 1964 నాటి మై ఫెయిర్ లేడీ చిత్రమున ఆడ్రీ హెప్‌బర్న్ పాటలలో పెక్కింటికి మార్నీ నిక్సన్ గొంతునిచ్చెను. అదే చిత్రమున రెక్స్ హారిసన్ మాత్రము ముందు పాడి ముద్రించుటకు ఒప్పుకొనక, వస్త్రములో దాఁచిన మైకుతో నటించుచునే పాడెను. ఒకే కథలో రెండు పక్షములును ప్రక్కప్రక్కనే నిలిచినవి.

మొదటి పక్షమును ముందు పరిశీలింతము. నటగాయకులు ఒక్కరే కావలెనను నియమము మన సంప్రదాయమున లేదు. కూచిపూఁడి భాగవతమున సూత్రధారుఁడు పాత్రకొఱకు పాడును. కథకళిలో నటుఁడు నోరు మెదపఁడు. భాగవతరులు వెనుక నిలిచి పాడుదురు. తోలుబొమ్మలాటలో బొమ్మకు గొంతే లేదు. కాకినాడ సమీపమందలి మాధవపట్నము ఈ విద్యకు పేరొందినది. అచ్చటివారి ఆటలో తెఱ వెనుకనున్నవాఁడు పాడఁగా తెఱమీఁది రావణుఁడు గర్జించునని పిల్లలుగూడ నమ్ముదురు. కావున పరకంఠమగుటవలననే గానము అసత్యమగునని చెప్పఁగూడదు. ఇఁక ఆయాసమే సత్యమనుటయు నిలువదు. లే మిజెరబ్ల్ చిత్రమున పద్ధతి అందఱికి నొక్కటియే, ఫలము వేఱు. ఒకచోట తడఁబాటు భావమునకు చెందినది. మఱొకచోట గాయకుని అశక్తికి చెందినది. ఏ తడఁబాటు పాత్రది, ఏ తడఁబాటు నటునిది అని వేఱుపఱుపలేనివాఁడు ఆయాసమును పొగడఁదగఁడు.

రెండవ పక్షమునకు సమాధానము భరతమునియే చెప్పియున్నాఁడు. పాఠ్యగుణములను వివరించుచు ఆయన ఏడు స్వరములను, మూఁడు స్థానములను, నాలుగు వర్ణములను, రెండు కాకువులను, ఆఱలంకారములను, ఆఱంగములను చెప్పెను. స్థానములు ఉరస్సు, కంఠము, శిరస్సు. దూరమునందున్నవానిని పిలుచునప్పుడు శిరస్సునుండియు, మిక్కిలి దూరము కానివానితో కంఠమునుండియు, చేరువనున్నవానితో ఉరస్సునుండియు పలుకవలెను. ఇచ్చట దూరమనఁగా పాత్రకును పాత్రకును నడుమనుండు దూరము. రంగస్థలమున మన నటులు దానిని విడిచి, తమకును కడపటి వరుసకును గల దూరమును పట్టుకొనిరి. అందుచేత ప్రక్కనున్న భార్యతో చెప్పు మాటయు, ఎదుటి సైన్యమును హెచ్చరించు మాటయు ఒకే శిరస్థానమున వినఁబడెను. ఇది రంగస్థలదోషము. మైకు ఈ దోషమును తీర్చినది. వెంటనే వేఱొక దోషమును తెచ్చినది. గాయకుఁడు స్టూడియోలో మైకునకు జేనెడు దూరమున నిలిచి ఉరఃస్థానమున పాడును. చిత్రమున ఆ పద్యము కురుసభలో వందలమంది రాజుల నడుమ పలుకఁబడును. అంతటి సభను నిలువరించు మాట చెవిలో గుసగుసవలె నున్నచో స్థానభ్రంశమే కలుగును. దీపనము, ప్రశమనము అను అంగములు ఇట్టిచోటులందే పోవుచున్నవి. స్థానమునకు తగిన ప్రయత్నము దోషము కాదు. స్థానము తప్పిన సౌఖ్యము దోషము.

సిద్ధాంతమిది: గానమున కావలసినది కంఠైక్యము కాదు, ప్రయత్నైక్యము. పాణినీయశిక్ష శబ్దోత్పత్తిని చెప్పు క్రమమున ఆత్మ బుద్ధితోఁగూడి అర్థములను కూర్చి మనస్సును ప్రేరేపించును. మనస్సు కాయాగ్నిని తట్టును. అగ్ని వాయువును కదల్చును. వాయువు ఉరస్సునను, కంఠమునను, శిరస్సునను సంచరించి మంద్రమధ్యతారములగును. అర్థము మొదలుకొని ధ్వని దాఁక ఇది యొకే ప్రవాహము. తోలుబొమ్మలాటలో పాడువాఁడే చేయిని కదల్చును, కాలితో బల్లను త్రొక్కును; గొంతు వేఱైనను ప్రయత్నమొక్కటియే. అందుచేత బొమ్మ సజీవమగును. పరకంఠగానమున ప్రయత్నము రెండు దేహములకును రెండు దినములకును చీలిపోవును. గాయకుఁడును నటుఁడును ఒకే అర్థమునుండి బయలుదేఱినచో ఆ చీలిక కనఁబడదు. లేనిచో ఎంతటి కంఠమైనను అతుకుగానే తోఁచును.

ఈ ప్రయత్నైక్యమును పరీక్షించుటకు వర్ణశాస్త్రమున మూఁడు తావులున్నవి. మొదటిది ఓష్ఠ్యములు. కవర్గము పుట్టు కంఠము ప్రేక్షకునకు కనఁబడదు. దంత్యములు సగము కనఁబడును. ప, ఫ, బ, భ, మలకు పెదవులు మూయక తప్పదు. నటుఁడు పద్యము ఎఱుఁగక నోరు తెఱచి మూసినచో పవర్గముకడనే పట్టుపడును. రెండవది మహాప్రాణములు. ఘ, ఝ, ఢ, ధ, భలకు వాయువెక్కువ కావలెను, రొమ్ము కదలవలెను. రౌద్రపద్యములలో ఇవి దట్టముగా నుండును. గొంతు గర్జింపఁగా నటుని రొమ్ము నిద్రించుచున్నట్లుండుట చూచుచున్నాము. శార్ఙ్గదేవుని ఝోంబకునకు ఇది తలక్రిందులైన దోషము: స్వరము తారషడ్జమున నుండును, మెడనరము కదలదు. మూఁడవది విచ్ఛేదము, అనఁగా ఊపిరి తీయు తావు. ఉత్పలమాలయందును చంపకమాలయందును పాదమునకు 28 మాత్రలు, శార్దూలమత్తేభములలో 30. నాలుగు పాదములు నూటపైఁబడిన మాత్రలగును. ఇంత పద్యమును ఊపిరి తీయక పాడుట మనుష్యునకు దుష్కరము. తెలుఁగున యతి సంస్కృతమునందువలె విరామము కాదు, అక్షరమైత్రి. కావున ఊపిరి వడికడ గాక పదచ్ఛేదమును, వాక్యార్థమును అనుసరించి తీయవలెను. టేపులను కత్తిరించి అతికించు విద్య వచ్చినపిదప గాయకుని ఊపిరిని తొలఁగించుట సులభమైనది. శ్రుతి తప్పిన స్వరమును సరిదిద్దు గణకయంత్రములును ఇటీవల వచ్చినవి. ఊపిరి లేని పద్యమున విచ్ఛేదము లేదు. విచ్ఛేదము పోయినచోట అన్వయము పోవును.

ఈ మూఁడు తావులను మనసునందుంచుకొని కొన్ని తెలుఁగు చిత్రములను చూతము. కాళ్లకూరి నారాయణరావుగారి చింతామణి 1956లో భరణీవారి చిత్రమైనది. అందు చింతామణి పాత్ర ధరించిన భానుమతిగారిది స్వకంఠపూర్వగానము. బిల్వమంగళుఁడుగా నటించిన ఎన్.టి. రామారావుగారికి పరకంఠము. 1965లో కె.వి. రెడ్డిగారు తీసిన సత్యహరిశ్చంద్రలోను చంద్రమతి పాత్రధారిణి ఎస్. వరలక్ష్మిగారు తామే పాడిరి; హరిశ్చంద్రుఁడైన రామారావుగారికి ఘంటసాల గొంతునిచ్చిరి. ఈ రెండు చిత్రములందును గానము తెలిసిన నటీమణుల ముఖమున స్వరమునకు ముందే ఊపిరి కనఁబడును. పల్లవి ముగియునప్పటికి భుజము దిగును. వాచికాభినయమున దిట్టయైన రామారావుగారు పద్యార్థము తెలిసి పెదవి కదపుదురు గావున ఓష్ఠ్యపరీక్షలో నెగ్గుదురు. దీర్ఘాలాపనలకడ మాత్రము రొమ్మునకును ధ్వనికిని నడుమ సన్నని ఎడము తోఁచును. 1960 నాటి శ్రీకృష్ణరాయబారమున కల్యాణం రఘురామయ్యగారు కృష్ణుఁడు. నాటకములలో ఎన్నియో రాత్రులు ఆ పద్యములను పాడిన దేహమది. తెఱమీఁద ఆయన ముఖము నాటకశాల ముఖమువలెనే మెలిపడును; ఆ మెలికయే ఆ పద్యమునకు చిరునామా.

1963 నాటి శ్రీకృష్ణార్జునయుద్ధము మఱొక చిక్కును చూపును. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గయోపాఖ్యానమే దానికి మూలము. నరనారాయణులు వాదించుకొని పోరాడుటయే ఆ నాటకమునకు ప్రాణము. చిత్రమున కృష్ణుఁడు రామారావుగారు, అర్జునుఁడు అక్కినేని నాగేశ్వరరావుగారు; ఇద్దఱి పాటలును ఘంటసాలవే. ఒకే కంఠము ఇరువురి ప్రక్కను నిలిచినప్పుడు పాత్రభేదమును స్వరజాతితో చూపుట పొసఁగదు; కాకుభేదముతోనే చూపవలెను. ఘంటసాల ఒక నాయకునకు ఉద్ధతిని, మఱొకనికి లాలిత్యమును ఇచ్చుటకు యత్నించిరి. శ్రద్ధతో వినువారికి ఆ భేదము తెలియును. అయినను రంగస్థలమున రెండు దేహములు, రెండు శ్రుతులు ఢీకొనినప్పుడు పుట్టు వేఁడి అందు రాదు.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) పద్యమునకు చేసిన ఉపకారమును తక్కువగా చూడరాదు. 1967లో వచ్చిన శ్రీకృష్ణావతారమున తిరుపతి వేంకటకవుల రాయబారపద్యములను వారు పాడిరి. రంగస్థలమున అవే పద్యములకు వెనుక దీర్ఘరాగాలాపన సాగెడిది. రాగము నిలిచి అర్థము మఱుఁగుపడెడిది. ఘంటసాల రాగమును పద్యమునకు లోఁబఱచిరి. పాణినీయశిక్ష చెప్పిన పాఠకగుణములాఱు, మాధుర్యము, అక్షరవ్యక్తి, పదచ్ఛేదము, సుస్వరము, ధైర్యము, లయసామర్థ్యము, ఆ పఠనమున నున్నవి. ఆఁడుపులి తన పిల్లలను కోఱలతో గ్రుచ్చకయు జాఱవిడువకయు కొనిపోవునట్లు వర్ణములను పలుకవలెనని శిక్షాకారుఁడు చెప్పెను. ఆ ఉపమానమునకు తెలుఁగున ఇంతకంటె మంచి ఉదాహరణమును చూపుట కష్టము. మైకు లేనిచో ఈ సౌకుమార్యము సాధ్యము కాకపోయెడిది. కావున యంత్రమును నిందించుట కృతఘ్నత.

అయినను ఒక నష్టమున్నది. శ్రీకృష్ణతులాభారమున సత్యభామగా స్థానం నరసింహారావుగారు (1902–1971) తమ ప్రసిద్ధమైన పాటను సభ కోరినప్పుడెల్ల మరల పాడెడివారనియు, పాడినప్పుడెల్ల అభినయమును మార్చెడివారనియు ప్రతీతి. 1966 నాటి చిత్రమున జమునగారు సత్యభామగా నటింపఁగా అదే పాటను సుశీలగారు పాడిరి. సుశీలగారి గానము నిర్దుష్టము. జమునగారి అభినయము లోకప్రసిద్ధము. అయితే అది ఒక్కమాఱు ముద్రితమై నిలిచిపోయినది. భర్తృహరి ప్రాకృతధ్వనిని, వైకృతధ్వనిని వేఱుచేసెను. ప్రాకృతము శబ్దమును వ్యక్తము చేయును; వైకృతము ద్రుతవిలంబితాదిభేదమునకు హేతువు, వక్తనుబట్టియు సమయమునుబట్టియు మాఱునది. ముద్రణయంత్రము మాఱవలసిన వైకృతధ్వనిని మాఱనిదానినిగా చేసినది. ఇపుడు పిల్లవాఁడు పద్యము నేర్చునప్పుడు పద్యమును గాక ఆ యొక్క ముద్రణమును నేర్చుచున్నాఁడు. ఘంటసాల ఎక్కడ ఊపిరి తీసిన అక్కడనే తీయుచున్నాఁడు. అర్థమేమని అడిగినచో ఊరకుండును. శిక్షలో నిందితులైన అధమపాఠకులాఱుగురిలో గీతియు, అనర్థజ్ఞుఁడును, అల్పకంఠుఁడును కలరు. నాటకశాల మనకు గీతులను ఇచ్చెను. లౌడుస్పీకరు అల్పకంఠులను ఇచ్చుచున్నది. అనర్థజ్ఞులు రెండుచోటులనుండియు వచ్చుచున్నారు.

కావున పండితులు ఆచరింపఁదగినవి కొన్ని కలవు. పద్యమును మొదట రాగము లేక అన్వయక్రమమున చదివింపవలెను. ఊపిరి తీయు తావులను విద్యార్థిచేతనే గుఱుతు పెట్టింపవలెను. ఎవరు, ఎవరితో, ఎంత దూరమునుండి పలుకుచున్నారో అడిగి ఉరఃకంఠశిరస్థానములలో ఒకదానిని ఎన్నుకొనఁజేయవలెను. పిదపనే ముద్రితగానములను వినిపింపవలెను. ఒక గాయకునిది మాత్రమే గాక, రంగస్థలనటునిదియు చిత్రగాయకునిదియు ప్రక్కప్రక్కను వినిపించి భేదము చెప్పింపవలెను. బాలుర కంఠము మాఱు వయస్సున హెచ్చుశ్రుతికి బలవంతపెట్టఁగూడదు. నాటకములను నేఁడు చిత్రించి భద్రపఱచువారికిని ఒక మనవి. శ్రుతి తప్పినదని గానమును మరల ముద్రించి అతికింపకుఁడు. మైకును నటునకు చేరువగా నుంచి శ్రుతిని ఒకటి రెండు మెట్లు దింపుఁడు. ప్రేక్షకుని చెవికి పద్యమును చేర్చు భారమును యంత్రము మోయుచుండఁగా, నటుఁడు ఎదుటి పాత్రకు చేరునంత పలికినఁ జాలును. అప్పుడు వాని గొంతు నిలుచును, భరతుఁడు చెప్పిన స్థానమును నిలుచును. ఈ విషయమున విజ్ఞులు తమ యూళ్ల నటులనుండి వినినదానిని, తరగతులలో కనినదానిని ఈ పత్రికకు వ్రాసినచో విచారము ముందునకు సాగును.